వికటకవి కేకు

మా తమ్ముడు ఓడల్లో పనిచేస్తాడు. విశాఖలో ఇదేమంత విశేషం కాదు, మా వీధిలోనే మరో ఇద్దరున్నారు. సెలవుకి ఇంటికొచ్చినప్పుడల్లా బ్యాగులోంచి ఏదో ఒకటి తీస్తాడు. రెండేళ్ల క్రితం తీసింది ఒక పొడుగాటి అట్టపెట్టె. లోపల ఇటుకలా, గోధుమరంగులో, పైన క్రీమూ పువ్వులూ ఏమీ లేని కేకు.

"ఇంత దూరం నుంచి మోసుకొచ్చింది ఇదా?" అన్నాను.

"కత్తి తే అక్కా" అన్నాడు.

ముక్క కోసి పళ్లెంలో పడుకోబెట్టాడు. అమ్మ కళ్లజోడు వెతుక్కుంది. ముక్క లోపల పచ్చ, ఎరుపు, పసుపు గీతలు. చతురస్రంలో చతురస్రం, దాని చుట్టూ బాణపు ములుకులు. అచ్చం ముగ్గు. రెండో ముక్క కోస్తే అదే ముగ్గు, మూడో ముక్కలోనూ అదే. పైన గీసిన బొమ్మ కాదది, కేకు ఈ చివర నుంచి ఆ చివరిదాకా లోపలే ఉన్న బొమ్మ.

"ఇది లోపలికెలా ఎక్కించారే?" అని అమ్మ నన్నడిగింది, నేనేదో చేసినట్టు.

తమ్ముడి ఓడ గ్యాస్ నింపుకోవడానికి బింటులు అనే రేవుకి వెళ్లినప్పుడు కొన్నాడట. ఆ రేవు ఉన్నది మలేషియాలో, బోర్నియో ద్వీపం మీది సరవాక్ రాష్ట్రంలో. కేకు పేరు కెక్ లాపిస్ సరవాక్. లాపిస్ అంటే వాళ్ల భాషలో పొర. డచ్చివాళ్ల పాలనలో ఇండోనేషియాలో పుట్టిన పొరల కేకు దీనికి తల్లి. ఒక పొర పోసి, కాల్చి, దాని మీద ఇంకో పొర పోసి మళ్లీ కాల్చడం అక్కణ్నుంచి వచ్చిన పద్ధతి. అలా కాల్చినదాన్ని కోసి, జామ్‌తో అతికించి, బొమ్మలు కట్టడం సరవాక్ వాళ్ల పనితనం. రంజాన్‌కీ, క్రిస్మస్‌కీ, జూన్ 1న వచ్చే గవాయ్ అనే కోతల పండగకీ ఇంటికొచ్చినవాళ్లకి ఇదే పెడతారు. మన ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందే, దీనికి 2010లోనే వచ్చింది. అంటే సరవాక్‌లో చేసినదాన్నే ఆ పేరుతో అమ్మాలి. నేను చేసింది అమ్మడానికి కాదు. అయినా ఎందుకొచ్చిన గొడవ, మేం దీన్ని ముగ్గు కేకు అనే అంటున్నాం.

మొదటిసారి మే నెలలో చేశాను. అదే నా తెలివి. ఈ కేకులో వెన్న చాలా ఎక్కువ. గంటన్నర, రెండు గంటలు పిండి గిన్నెల్లో ఎదురుచూస్తూ ఉండాలి. వైజాగ్ మేలో, ఆ ఉక్కలో, ఓవెన్ పక్కన వంటగట్టు మీద వెన్న ఎంతసేపు వెన్నలా ఉంటుంది? మూడో పొరకొచ్చేసరికి పిండి విరిగిపోయి, అంచుల్లో నెయ్యి తేలింది. దానికితోడు టిన్నుని పై రాడ్డుకి మరీ దగ్గరగా పెట్టాను. పైన మాడి, లోపల పచ్చిగా ఉండిపోయింది. దాని గురించి ఇంతకన్నా చెప్పుకోవడానికి ఏమీ లేదు. చల్లటి రోజులు రానీ అని గిన్నెలు కడిగేశాను.

ధనుర్మాసం వచ్చింది. తమ్ముడు సంక్రాంతికి వస్తున్నానన్నాడు. భీమిలి నుంచి అమ్మ వచ్చి ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ గేటు ముందు రోజూ తెల్లారకుండానే ముగ్గు పెట్టేస్తోంది. మా వాచ్‌మన్ భార్య, అమ్మా పోటీ. ఆ చుక్కల ముగ్గులు చూస్తూనే కేకు లెక్క కాగితం మీద వేయడం మొదలుపెట్టాను.

ఈ లెక్క ముందు అర్థమైతే తర్వాతదంతా చేతిపనే. టిన్ను ఎనిమిదంగుళాల చదరం, అంటే 20 సెంటీమీటర్లు. అందులో ఒక్కొక్కటీ అర సెంటీమీటరు మందంతో తొమ్మిది పొరలు పోస్తే కేకు ఎత్తు నాలుగున్నర సెంటీమీటర్లు. అంచులు చెక్కేసి, నాలుగున్నర వెడల్పుతో నిలువునా కోస్తే నాలుగు దూలాలు వస్తాయి. దూలాన్ని చివర నుంచి చూస్తే చతురస్రం, అందులో అడ్డగీతలు. ఆ చతురస్రాన్ని రెండు మూలల వెంబడీ ఇంటూ గుర్తులా కోస్తే నాలుగు త్రికోణాలు. పైదీ కిందదీ ఒక రకం, వాటిలో గీతలు వెడల్పు అంచుకి సమాంతరంగా పోతాయి. కుడి ఎడమలు ఇంకో రకం, వాటిలో గీతలు అంచుకి అడ్డంగా వచ్చి గుచ్చుకుంటాయి. మొదటి రకం నాలుగు కలిపితే చతురస్రంలో చతురస్రం, పైనుంచి చూసిన కోనేటి మెట్లలాగా. రెండో రకం నాలుగు కలిపితే మధ్యలో ప్లస్ గుర్తు, దాని చుట్టూ మూలమూలకీ ఎల్ ఆకారాలు. ఒకటే కేకులోంచి రెండు ముగ్గులు! ఇది కాగితం మీద తేలిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నిజంగా.

ఒక్క షరతు ఉంది. పొరల వరస కింది నుంచి చదివినా పై నుంచి చదివినా ఒకేలా ఉండాలి. లేకపోతే త్రికోణాల అంచులు కలిసినచోట రంగులు కలవవు. ఎటు నుంచి చదివినా ఒకటే అనగానే మన వాళ్లకి గుర్తొచ్చేది ఒకటే కదా. వి-క-ట-క-వి అని చీటీ మీద పెద్దక్షరాలతో రాసి ఓవెన్ పైన గోడకి అంటించాను. కింద వరస: పచ్చ, పసుపు, ఎరుపు, పసుపు, మధ్యలో కాఫీ రంగు, మళ్లీ పసుపు, ఎరుపు, పసుపు, పచ్చ.

సామాను పెద్దగా లేదు. ఉప్పు లేని వెన్న 450 గ్రాములు, పంచదార పొడి 200, కండెన్స్‌డ్ మిల్క్ 200, మైదా 250, గుడ్లు తొమ్మిది, బేకింగ్ పౌడర్ ఒక చెంచా, హార్లిక్స్ 75 గ్రాములు. హార్లిక్స్ నా తెలివి కాదు, సరవాక్ వాళ్లే చాలామంది వేస్తారు. కేకుకి ఆ మాల్టు వాసనే అందం. కాఫీ రంగుకి కోకో పొడి, అరకు కాఫీ చిక్కటి డికాషన్ రెండు చెంచాలు. మిగతా రంగులకి పూర్ణా మార్కెట్ దగ్గర బేకరీ సామాన్లమ్మే షాపులో జెల్ కలర్లు తెచ్చుకున్నాను. ఎరుపుకి బీట్‌రూట్ రసం వెయ్యొచ్చు కదా అని మా వారు సలహా ఇచ్చారు. వేడికి బీట్‌రూట్ రంగు నిలవదు, ఇటుకపొడిలా తిరుగుతుంది. ఆయనకి ఆ సంగతి చెప్పలేదు, వంటింట్లోంచి మాత్రం పంపించేశాను.

భోగికి ముందు రోజు మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టాను. వెన్న, పంచదార తెల్లగా నురుగొచ్చేదాకా గిలకొట్టి, కండెన్స్‌డ్ మిల్క్ పోసి, గుడ్లు ఒక్కొక్కటే వేశాను. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి గంట ముందే బయటపెట్టాలి. చల్లటి గుడ్డు తగిలితే వెన్న గట్టిపడి పలుకులు పలుకులుగా విరుగుతుంది. చివర్లో మైదా, హార్లిక్స్, బేకింగ్ పౌడర్ జల్లించి కలిపాను. మొత్తం పిండి పదహారు వందల గ్రాములకి కాస్త పైన వచ్చింది. కాటా మీద పెట్టి పొరకి 145 గ్రాముల లెక్కన పంచాను: పసుపుకి నాలుగు పొరల పిండి, పచ్చకి రెండు, ఎరుపుకి రెండు, కాఫీకి మూడు. కాఫీకి మూడెందుకంటే ఒకటి మధ్య పొరకి, రెండు విడిగా పల్చటి రేకులుగా కాల్చుకోవడానికి. కట్టిన బొమ్మ చుట్టూ గోడలా అతికించేవి అవే. వాటిని ముందే కాల్చి పక్కన పెట్టేశాను. ఈ కాటా గొడవంతా అవసరమా అంటే అవసరమే. కంటి అందాజున పోస్తే ఒక పొర లావు, ఒకటి సన్నం. అప్పుడు బొమ్మ కట్టినప్పుడు గీతలు ఒకదానికొకటి అందవు.

మొదటి పొరకి రెండు రాడ్లూ వెలగాలి, 180 డిగ్రీల్లో పది నిమిషాలు. రెండో పొర నుంచి పై రాడ్డు ఒక్కటే. ఇక్కడ మన ఓటీజీలతో, అంటే ఇళ్లలో వాడే ఈ చిన్న కరెంటు ఓవెన్లతో, ఒక చిక్కుంది, మేలో నేను తెలుసుకోలేకపోయింది. పెట్టిన వేడి రాగానే థర్మోస్టాట్ రాడ్డుని ఆపేస్తుంది. 180 పెడితే మన పొరకి పైనుంచి సెగ కావాల్సిన సమయానికే రాడ్డు నల్లగా చల్లారి ఉంటుంది. ఈసారి మీట చివరిదాకా తిప్పి 230లో పెట్టి, టిన్నుని మధ్య అరలోకి దించాను. రాడ్డు ఎర్రగా వెలుగుతూనే ఉంది, పొర ఐదారు నిమిషాల్లో అయిపోయింది. అయినట్టు గుర్తు ఏమిటంటే, దోసె మీద కనిపించేలాంటి సన్నటి గోధుమ చుక్కలు. ఆ చుక్కల వల్లే కోసినప్పుడు పొరకీ పొరకీ మధ్య పెన్సిల్ గీతలాంటి గీత వస్తుంది. ఇంకో నిమిషం ఆగితే చుక్కలు కాస్తా మచ్చలవుతాయి. అందుకే గాజు తలుపు ముందు నుంచి కదలడానికి లేదు. నేను చిన్న పీట వేసుకుని కూర్చున్నాను.

పొర తీయగానే పైన బుడగలు లేస్తాయి. వాటిని టూత్‌పిక్‌తో పొడిచి, బటర్ పేపర్ పరిచి, అడుగు చదునుగా ఉన్న స్టీలు డబ్బాతో అరచేతి బరువు మాత్రమే వేసి అద్దాలి. వాళ్లకి దీనికోసం ప్రత్యేకంగా చదును బిళ్ల ఉంటుంది. నాకు కందిపప్పు డబ్బా ఉంది. అద్దకపోతే పొరల మధ్య గాలి మిగిలి, రేపు కోసేటప్పుడు అక్కడే ఊడిపోతుంది. తర్వాత పొర పిండిని ఆ వేడి మీదే వేస్తే వెన్న కరిగి దానంతటదే పరుచుకుంటుంది, గరిటె వెనకతో మూలలకి జరిపితే చాలు.

పచ్చ, పసుపు, ఎరుపు, పసుపు, కాఫీ, పసుపు. ఆరు పొరలు పాఠం అప్పజెప్పినట్టు వచ్చాయి. తమ్ముడు అప్పుడే దిగాడు. వచ్చీరాగానే ఓవెన్‌లోకి తొంగి చూసి "అక్కా, సూపర్" అన్నాడు. వాడా మాట అన్న రెండు నిమిషాలకి కరెంటు పోయింది.

మా వీధిలో లైను పని ఏదో చేస్తున్నారట. నలభై నిమిషాలు. టిన్ను బయటికి తీశాను. గిన్నెల మీద పళ్లేలు మూశాను. పండగ పూట చీకట్లో కూర్చుని బేకింగ్ పౌడర్ బలం పోతోందేమో, వెన్న గట్టిపడుతోందేమో అని ఒకటే టెన్షన్. అమ్మ వచ్చి "ఏటే, పురిటి నొప్పుల్లాగ ఆ తిరుగుడేటి?" అని కసిరింది. కరెంటు రాగానే ఓవెన్ వేడెక్కించి, చల్లారిన పొర మీద ఫోర్కుతో సన్నగా గీరి కాస్త వెన్న రాశాను, కొత్త పొర పట్టుకోవాలని. దగ్గరున్న గిన్నె మీద పళ్లెం తీశాను. పోశాను. లోపల పెట్టాను. పీట మీద కూర్చుని గోడ మీది చీటీ చదువుకున్నాను.

ఎరుపు ఉండాల్సినచోట పచ్చ పోశాను.

తీసేద్దామని తలుపు తీస్తే అప్పటికే పైన పొర కట్టేసింది. గరిటె పెడితే కింది పసుపు కూడా లేచొస్తుంది. ఇంక చేసేదేముంది? మిగిలిన పసుపు, మిగిలిన ఎరుపు వరసగా పోసి కాల్చేశాను. వికటకవి కాస్తా విడిపోయాడు. కింద సగంలో ఎరుపు లోపల, పచ్చ బయట. పై సగంలో పచ్చ లోపల, ఎరుపు బయట. ఎవరితోనూ చెప్పకుండా క్లింగ్ ఫిల్మ్ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, వెళ్లి పడుకున్నాను.

భోగి మంట చల్లారాక, అందరూ తలంట్లు పోసుకునే హడావుడిలో ఉండగా, డైనింగ్ టేబుల్ మీద కేకు తీశాను. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే వెన్న బిగిసి చెక్కలా ఉంటుంది, అప్పుడే కోతకి వస్తుంది. పొడుగు కత్తి, పక్కన వేడినీళ్ల గ్లాసు, గుడ్డ. ప్రతి కోతకీ కత్తి ముంచి తుడవాలి. లేకపోతే ఎర్ర నలుసులు పసుపు మీద అంటుకుంటాయి. దూలాలు తేలిగ్గానే వచ్చాయి. మూల వెంబడి కోయడమే కష్టం. కత్తి లోపలికి దిగేకొద్దీ పక్కకి జారుతుంది. రెండు చివరలా టూత్‌పిక్‌లు గుచ్చి, పైన గీత గీసుకుని, కత్తిని నొక్కకుండా రంపంలా ఆడించాను. నాలుగు దూలాలకి పదహారు త్రికోణపు కడ్డీలు. అంచుల చెక్కు మా అబ్బాయి తినేశాడు.

కూర్చి చూస్తే అనుకున్నంతా అయింది. మొదటి రెండు దూలాల్లోంచి పై త్రికోణాలు రెండు, కింది త్రికోణాలు రెండు కలిపి పెట్టాను. రెండు వైపుల పచ్చ అంచు, రెండు వైపుల ఎర్ర అంచు. కోనేటి మెట్లు కాదు, ఏవో పడిపోయిన మెట్లు. రెండో రకం ఇంకా ఘోరం, మూలల్లో ఎరుపొచ్చి పచ్చని గుద్దుకుంటోంది.

అమ్మ తడిజుట్టు తువ్వాలుతో చుట్టుకుంటూ వచ్చి నిలబడింది. కాసేపు చూసింది.

"పచ్చంచువి ఎన్నున్నాయి?"

"నాలుగు."

"ఎర్రంచువి?"

"అవీ నాలుగేనమ్మా."

"మరి రెంటినీ కలిపి ఎందుకు వండుతన్నావు? పచ్చవి పచ్చవాటితో పెట్టు, ఎర్రవి ఎర్రవాటితో పెట్టు."

అంతే! నాలుగు దూలాల్లో పై త్రికోణాలు నాలుగూ ఒక బొమ్మ, కింది త్రికోణాలు నాలుగూ ఇంకో బొమ్మ. ఒకదానికి ఎర్రటి అంచు, లోపల పచ్చ. రెండోదానికి పచ్చటి అంచు, లోపల ఎరుపు. నేను కావాలని వేసినా ఇంత బాగా వచ్చేది కాదు. రెండు దూలాల నుంచి ఒక బొమ్మ అని కాగితం మీద రాసుకున్నాను గనక నా బుర్ర అక్కడే ఆగిపోయింది.

ప్లస్ బొమ్మలకి ఆమె కూడా కుర్చీ లాక్కుని కూర్చుంది. ముగ్గు పిండి పట్టే వేళ్లతో ఒక కడ్డీని అలాగే ఎత్తి, ఈ చివర ఆ చివరికి వచ్చేలా తిప్పి పెట్టింది. గీతల వరస తిరగబడింది, పక్కదానితో పచ్చకి పచ్చ, ఎరుపుకి ఎరుపు అతికాయి. ఒకటి విడిచి ఒకటి అలా తిప్పుకుంటూ పోయింది. ఎదురెదురు మూలల్లో ఒకే వరస, మిగతా రెండు మూలల్లో దాని తిరగేత. "నాలుగు వీధుల కూడలి" అంది. చిన్నప్పుడు భీమిలిలో వాళ్ల అత్త వేసే ముగ్గులో ఇలాగే చేసేవారట, సగం ముగ్గు పిండితో, సగం ఎర్రమట్టితో. కేకు గురించి ఆమెకి ఏమీ తెలియదు. ఓవెన్ అంటే ఇప్పటికీ భయం.

అతికించడానికి పైనాపిల్ జామ్. ఎర్ర జామ్ అయితే గీతల్లో కలిసిపోతుంది. కాస్త వేడిచేసి, వడకట్టి, బ్రష్‌తో పల్చగా రాశాను. ఎక్కువ రాస్తే కడ్డీలు జారతాయని మొదటి బొమ్మకే తెలిసింది. నాలుగు బొమ్మలూ రెండు మీద రెండు పెట్టి, మెట్ల బొమ్మలు ఎదురెదురు మూలల్లో వచ్చేలా చూసి, చుట్టూ కాఫీ రేకులు నాలుగు గోడలుగా అతికించి, క్లింగ్ ఫిల్మ్ బిగించి, పైన పప్పు డబ్బా బరువు పెట్టి మళ్లీ ఫ్రిజ్‌లోకి. ఇప్పుడది తమ్ముడు తెచ్చిన ఇటుకలాగే ఉంది, చూడ్డానికి ఏమీ లేదు.

సంక్రాంతి రోజు భోజనాలయ్యాక కోశాం. కత్తి తమ్ముడికిచ్చాను, నాకు చేతులు ఆడలేదు. మొదటి ముక్క అంచు ముక్క, అందులో ఒక త్రికోణం ఊడి పడింది, జామ్ అందలేదక్కడ. రెండో ముక్క పళ్లెంలో వాల్చాడు. రెండు కోనేళ్లు, రెండు కూడళ్లు, చుట్టూ కాఫీ రంగు ప్రహరీ. ఒక కూడలిలో ప్లస్ కొంచెం వంకర, నా కత్తి జారిన దూలం అదే. ఎవరూ అది చూడలేదు, నేనే చూపించాను. మా అబ్బాయి పొరలు ఒక్కొక్కటీ ఒలుచుకుంటూ ఎర్రవి మాత్రం తిన్నాడు. రుచి బావుంది, బరువైన రుచి. హార్లిక్స్, వెన్న, వెనకాల అరకు కాఫీ. ఒకటి తింటే రెండోది అడగబుద్ధి కాదు. అరిసెలు తిన్న పొట్టలకి అయితే మరీనూ. "తీపెక్కువైంది" అని అమ్మ తీర్పు చెప్పి, తన ముక్క మాత్రం పక్కింటివాళ్లకి చూపించడానికి పట్టుకెళ్లింది.

ఈ కేకు ఫ్రిజ్‌లో చాలా రోజులు పాడవకుండా ఉంటుంది. తమ్ముడు తిరిగి వెళ్తూ సున్నుండల డబ్బా పక్కన నాలుగు ముక్కలు కట్టించుకున్నాడు. వాళ్ల ఓడలో బోసన్, అంటే డెక్కు మీది పనివాళ్ల పెద్ద, ఇండోనేషియా ఆయన, పొరల కేకు ఇంట్లో చూస్తూ పెరిగినవాడు. ఆయనకి చూపించి ఏమంటాడో చెప్పమన్నాను. ఓడ ఎక్కిన మూడో రోజు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది.

"అక్కా, బొమ్మ చూసి చాలా మెచ్చుకున్నాడు. తిన్నాడు కూడా. తర్వాత వేలు పెట్టి పొరలు లెక్కపెట్టి, తొమ్మిదేనా అన్నాడు. వాళ్లమ్మ పద్దెనిమిది పోసేదట."